జమాబందీ అయిన తరువాత

హొసూరు, 4 జనవరి 1960, సోమవారం

ఈ డైరీ శిరస్తదారు చెన్నరాయప్పగారు ఇచ్చారు. ఆఫీసుకు వచ్చినవాటిలో ఒకటి మిగిలిందట. "పొద్దున రాంగానే ఆ పొద్దు చేయాల్సింది రాసుకో అశ్వత్థప్పా. అయినదాన్ని కొట్టెయ్. మనిషి తిన్నగా ఉంటాడు," అన్నారు. నా పని గురించే అన్నారు. మరి దేని గురించీ అనలేదు.

కాబట్టి ఇందులో పని మాత్రమే రాస్తాను.

ఈ రోజు: పట్టా మార్పిడి అర్జీలు ఊళ్లవారీగా విడదీయడం. మునసబులకు రిమైండర్లు. పైవారు అడిగిన బావుల లెక్క. అన్నీ అయ్యాయి. కొట్టేశాను.

ఇదివరకు ఇంటికి రాగానే, "ఈ పొద్దు ఏం పని చేస్తివి?" అని మంజులమ్మ అడిగేది. ఏమీ లేదనేవాణ్ణి.

5 జనవరి

అన్నీ అయ్యాయి.

6 జనవరి

అన్నీ అయ్యాయి. ఇల్లు ఊడ్చాను.

18 జనవరి, సోమవారం

బల్ల మీద ఇప్పుడు ఒక పద్ధతి ఏర్పడింది. నేను జవాబు రాయవలసినవి ఎడమవైపు. ఇతరుల నుండి జవాబు రావలసినవి కుడివైపు. చేతిలోకి తీసుకున్న కాగితాన్ని ఏదో ఒకటి తేల్చకుండా కింద పెట్టను. కష్టమైనవి భోజనానికి ముందు, నకళ్లు తరువాత. ఎవరైనా మాట్లాడటానికి వస్తే లేచి నిలబడతాను. అప్పుడు వాళ్లు కూర్చోరు. త్వరగా పోతారు.

పక్క బల్ల గుమాస్తా పిల్లప్పకు ఈ కిటుకు తెలిసిపోయింది. ఇవాళ నేను లేవగానే వచ్చి నా కుర్చీలోనే కూర్చున్నాడు.

"మర్యాదకు లేస్తా ఉండాడనుకొంటి. తరమడానికంటనే. మారియప్ప చెప్పె."

మారియప్ప మా ఆఫీసు బంట్రోతు. గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

"పని ఉంది పిల్లప్పా."

"పని యాడికి పోతుందప్పా? నాకంటే ముందు నుంచి ఈడనే ఉండాది. నేను రిటైరైనా ఈడనే ఉంటుంది. రా, కాపీ తాగి వస్తాము."

వెళ్లలేదు. అతను కాస్సేపు నా కుర్చీలోనే కూర్చుని, నా పెన్సిలుతో చెవి గోక్కుని, లేచిపోయాడు.

ఈ మధ్య ముసాయిదాలు అరవంలో రాయమంటున్నారు. నేను చదివింది ఇంగ్లీషులో, ఇంట్లో మాట్లాడింది తెలుగు. అరవం రాయడం ఆలస్యమవుతుంది. ఆలస్యమవడం మంచిదే. సాయంత్రం దాకా సరిపోతుంది.

7 ఫిబ్రవరి, ఆదివారం

రాయకోట వెళ్లి వచ్చాను. అక్టోబరు నుండి మా పాప కెంచి అక్కడే, అమ్మమ్మ దగ్గర ఉంది. దాని తల్లి మంజులమ్మకు జ్వరం వచ్చినప్పుడు పంపాం. తరువాత తీసుకురాలేదు.

నేను వెళ్లేసరికి పచ్చయమ్మ చంకలో ఉంది. పచ్చయమ్మ నా బావమరిది గుర్రప్ప భార్య. వాళ్లకు పిల్లలు లేరు. నేను చేతులు చాపితే కెంచి నా చేతులను చూసింది. నా ముఖం చూడలేదు. తరువాత దూడను చూపించడానికి నన్ను కొట్టం దాకా నడిపించింది. అది కూడా పచ్చయమ్మ చెప్తేనే.

భోజనమయ్యాక అత్త అంజినమ్మ వచ్చి కూర్చుంది.

"అల్లుడా, ఒక మాట అడగాల. బిడ్డను ఏం చేద్దామని ఉండావు?"

నేను కండువాతో చేతులు తుడుచుకున్నాను.

"మళ్లా చేసుకొంటానంటే చేసుకో. మేము కాదనము, నీ వయసుకు తప్పు లేదు. నీ దగ్గరే పెరగాలంటే తీసుకపో. లేదంటే గుర్రప్పకు ఇచ్చెయ్యి, వాళ్లకు లేరు గదా. ఏదో ఒకటి చెప్పు. ఇట్ల నడాన నిలబెట్టొద్దు."

"జమాబందీ కానీ అత్తా, చెప్తాను."

"అదెప్పుడు?"

"జూన్‌లో."

"జమాబందీ అంటే ఏందన్నా?" అని పచ్చయమ్మ అడిగింది. నా బదులు గుర్రప్ప చెప్పాడు. "ఏడాదికొక తడవ ఊళ్ల లెక్కలన్నీ పెద్ద దొరల ముందర పెట్టి సరిచూసేది. బావ లేకపోతే జరగదు." ఎకసెక్కానికి అనలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

బస్సు వేళకు కెంచిని నా చేతికిచ్చారు. జుట్టుకు ఆముదం వాసన. కాసేపు ఉండి, దిగిపోయింది.

8 ఫిబ్రవరి

చాలా పని చేశాను. ఎడమవైపు ఖాళీ.

ఇప్పట్లో తేలని కాగితాలకు ఆఫీసులో ఒక చోటుంది. కోర్టు తీర్పు రావలసినవి, పైవారి ఉత్తర్వు కోసం ఆగినవి. వాటిని కాల్ బుక్ అనే పుస్తకంలోకి ఎక్కిస్తే మళ్లీ తీసే నెల వచ్చేదాకా బాకీల లెక్కలోకి రావు. ఎవరూ అడగరు. మంచి ఏర్పాటు.

22 మార్చి

శిరస్తదారు నా నకళ్లన్నీ తిప్పి పంపారు. పొద్దటి నుండి ప్రతి కాగితం మీదా నిరుడు అక్టోబరు పందొమ్మిది అని తేదీ వేశానట. అన్నిటి మీదా ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టారు. పిలిచి ఏమీ అనలేదు. అన్నీ మళ్లీ రాశాను.

12 ఏప్రిల్

పిల్లప్పకు కామెర్లు. అతని బల్ల కాగితాలు నేను తీసుకుంటానని అడిగి తీసుకున్నాను. తహసీల్దారుగారు అందరి ముందూ, "ఈయన్ని చూసి నేర్చుకోండి," అన్నారు. ఎవరూ తల ఎత్తలేదు.

1 మే, ఆదివారం

రాయకోట వెళ్లలేదు. ఎండ.

15 మే, ఆదివారం

వెళ్లలేదు. జమాబందీ ముందు వెళ్లడం వీలుపడదు.

9 జూన్, గురువారం

జమాబందీ. వారం నుండి ఆఫీసు ముందు పందిరి. కరణాలు లెక్కల మూటలు నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. ఒక్కో ఊరిదీ విప్పి, సర్వే నంబరు నంబరుకూ శిస్తూ సాగుబడీ సరిచూడాలి. నేను తప్పు పట్టని ఊరు లేదు. కరణాలు నన్ను చూసి గొంతు తగ్గిస్తున్నారు.

మధ్యాహ్నం గుర్రప్ప వచ్చాడని మారియప్ప చెప్పాడు. కూర్చోమన్నాను. నేను బయటకు వచ్చేసరికి పందిరి కింద నీడ అంతా తిరిగిపోయింది. అతను నలుగురు కరణాల మధ్య కూర్చుని కబుర్లాడుతున్నాడు. పొద్దటి నుండి నాతో ఒక్క మాట నవ్వుతూ అనని వాళ్లు అతని భుజం మీద చేతులు వేసి ఉన్నారు.

"ఏం బావా, నిన్ను చూడాలంటే అర్జీ పెట్టుకోవాల్నా?"

మామిడిపళ్ల గంప తెచ్చాడు. ఇంటికి రమ్మంటే రానన్నాడు. బస్సు ఉందట.

"అమ్మ అడగమనె. ఆ పొద్దు అడిగినదాన్నే."

"ఇంకా జమాబందీ అవుతా ఉంది గుర్రప్పా."

"అది కనపడతా ఉండాది." కండువాతో మెడ తుడుచుకున్నాడు. "తొందరేమీ లేదు బావా. బిడ్డ బాగుండాది. పచ్చయమ్మను అమ్మా అంటా ఉండాది. మేమేమీ నేర్పలేదు. నీకు తెలియాలని చెప్పినాను."

చూసి చెప్తానన్నాను. ఆఫీసు జవాబులలో వాడే మాట అది. విషయం పరిశీలనలో ఉన్నదని రాస్తాం. దాంతో కొన్నాళ్లు రిమైండర్లు ఆగుతాయి.

మామిడిపళ్లు ఆఫీసులో పంచేశాను.

2 జూలై

జమాబందీ ముగిసింది. తాలూకాకు మంచి పేరు వచ్చింది.

3 జూలై, ఆదివారం

జమాబందీ వల్ల మిగతా పనులు వెనకబడ్డాయి. అవి సర్దుకున్నాక వెళ్లడం మంచిది. చొక్కాలు ఉతుక్కున్నాను.

21 ఆగస్టు, ఆదివారం

వెళ్లాను. కెంచి బాగా మాట్లాడుతోంది. గుర్రప్పను నాయనా అంటోంది. నన్ను చూపించి, "ఎవరు?" అని అత్త అడిగితే, "ఆఫీసు మామ," అంది. అందరూ కిందికి చూశారు. పిల్లలు ఎవరో ఏదో అంటే పట్టుకుంటారు. పెద్దయితే తెలుస్తుంది.

అత్త ఈసారి అడగలేదు.

19 అక్టోబరు

మంజులమ్మ పోయి ఏడాది. రాయకోటలో అన్నీ వాళ్లే చేశారు. నేను పొద్దున పోయి మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాను. ఆఫీసు తనిఖీ ఉంది.

తనిఖీ ఇరవై నాలుగున. ఈ రోజు కాదు.

30 నవంబరు

మారియప్పది రాయకోట పక్క పల్లె. సెలవుకు పోయి వచ్చి కబురు తెచ్చాడు. మాసి నెలలో, అంటే ఫిబ్రవరిలో, అంగాళమ్మ గుడి దగ్గర కెంచికి చెవులు కుట్టిస్తారు.

"మీ అత్తగారు మరీ మరీ చెప్పమనె సార్. ముందే సెలవు పెట్టుకోమనె. తండ్రి లేకపోతే ఎట్లనె."

"తప్పకుండా వస్తానని చెప్పు."

"నేను చెప్పేది కాదు సార్, మీరే ఒక కార్డు రాయండి. ఆయమ్మ నన్ను నమ్మదు."

రాశాను. సెలవు దొరికితే వస్తానని రాశాను. కార్డు డబ్బాలో వేశాక, ఇంకా సెలవు అడగనే లేదని గుర్తు వచ్చింది.

11 జనవరి 1961, కృష్ణగిరి

జనాభా లెక్కల శిక్షణ. ఒక బడిలో కూర్చోబెట్టారు. కిటికీలోంచి కొండ, దాని మీద కోట గోడ. మన తాలూకా నుండి నన్ను ఎంచారు. ఫిబ్రవరి అంతా ఊళ్లు తిరిగి, లెక్క రాసే మాస్టర్ల పని చూడాలి. సంతోషంగా ఒప్పుకున్నాను.

చెవులు కుట్టే రోజు కూడా ఫిబ్రవరిలోనే. ఒక రోజుకు సర్దుకోవచ్చు.

20 ఫిబ్రవరి, సోమవారం

జూజువాడి. గుడిసెలు, టీ అంగళ్లు, లారీల వాళ్లు. మాస్టరుకు ఎవరిని ఎక్కడ రాయాలో తెలియడం లేదు. "ఈడ తింటా ఉండాడు, బెంగళూరులో పండుకొంటాడు, వీడిని యాడ రాసేది సార్?" అని గోల. ఎక్కడ స్థిరంగా ఉంటాడో అక్కడ రాయమన్నాను.

సాయంత్రం మా వీధి లెక్కల మాస్టరు ఇంటికి వచ్చాడు. నన్ను చూసి తడబడ్డాడు. అడుగు, అడగాల్సిందేగా అన్నాను.

"ఇంట్లో ఎంతమంది సార్?"

"ఒక్కణ్ణే."

"పాప..."

"ఎక్కడ స్థిరంగా ఉంటే అక్కడే రాయాలి. రాయకోటలో రాస్తారు."

నియమం అదే. అతను నాకు నమస్కారం పెట్టి పోయాడు.

24 ఫిబ్రవరి, శుక్రవారం

ఈ రోజు చెవులు కుడతారు. పొద్దున బస్టాండు దాకా వెళ్లాను. రాయకోట బస్సు నిలబడి ఉంది. కాని రెండు ఊళ్ల లెక్క తప్పిందని నిన్న సాయంత్రమే తెలిసింది. అది సరిచేయడం వేరే ఎవరికీ తెలియదు. సరిచేశాను.

2 మార్చి, గురువారం

మారియప్ప చెవులు కుట్టే రోజు అక్కడే ఉన్నాడట. నేను అడగలేదు. తపాలా సంచి బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"బాగా జరిగె సార్. ఊరంతా వచ్చిరి. పొట్టేలు కోసిరి."

"ఏడ్చిందా?"

"ఒక్క కేక. అంతే. పచ్చయమ్మ అన్న ఒడిలో కూర్చోబెట్టిరి, ఆయన గట్టిగా పట్టుకొనె."

కలం కింద పెట్టాను.

"ఎవరి ఒడి?"

"పచ్చయమ్మగారి అన్న సార్. కల్లావి నుంచి వచ్చినాడు, హనుమంతప్ప అని."

"గుర్రప్ప లేడా?"

"లేకేమి సార్. గుర్రప్పగారు కంకణం కట్టుకొని పూజారి పక్కన నిలబడె." అప్పుడు అతనికి తట్టింది. సంచి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "నేను తాలూకా కచేరీకి పోయి వస్తా సార్." తాలూకా కచేరీ ఇదే.

చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. కెంచికి మేనమామ గుర్రప్ప. ఆ ఒడి అతని హక్కు. దాన్ని ఊరందరి ముందూ వదులుకుని, భార్య అన్నను కూర్చోబెట్టాడు. తాను తండ్రి కంకణం కట్టుకున్నాడు.

కంకణం కట్టే చోటు ఖాళీగా ఉంది మరి. పూజారి ఎంతసేపు ఆగుతాడు.

3 మార్చి

పని సాగలేదు.

4 మార్చి

పని సాగలేదు. మా ఇంట్లో నా చెవులు కుట్టినప్పుడు ఎవరి ఒడిలో కూర్చున్నానో ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటారు. అది మరిచిపోయే విషయం కాదు. ఎవరూ మరిచిపోరు.

2 ఏప్రిల్, ఆదివారం

రాయకోట. గుర్రప్ప రాగి తూర్పారబడుతున్నాడు. నన్ను చూసి చేట కింద పెట్టాడు. అడగాలనుకున్న మాటలన్నీ బస్సులో వరుసగా పెట్టుకుని వెళ్లాను. ఒక్కటే అడిగాను.

"ఎందుకట్ల చేసినావు గుర్రప్పా?"

"మూడు తడవలు అడిగినాము బావా. మా అమ్మ ఒకటి, నేను ఒకటి, మారియప్ప నోట ఒకటి. నువ్వు కాదనలేదు. సరేనని పెద్దోళ్లనిరి."

పట్టా మార్పిడికి ప్రతి ఊరికీ నేను పంపే నోటీసులో అదే ఉంటుంది. గడువు లోపల జవాబు రానియెడల అభ్యంతరము లేనట్లు భావించబడును. కింద నా సంతకం. నేను అతన్ని ఏమని తప్పు పట్టగలను.

కెంచి చెవులకు చిన్న కడియాలు. కుట్టిన చోట కొబ్బరినూనె రాసి ఉంది. నేను చూస్తుంటే తలుపు చాటుకు పోయింది.

"ఇది దొంగతనం కాదు బావా," అన్నాడు గుర్రప్ప. "నీ బిడ్డ. కావాలంటే ఇప్పుడే తీసుకపో, ఊరికి నేను చెప్పుకొంటా. ఒడిదేముంది, నాలుగు నాళ్లు నవ్వుతారు. కాని తీసుకపోయేవానివా కాదా, అది చెప్పు."

"తీసుకుపోతాను."

"ఎప్పుడు?"

"జమాబందీ..." అన్నాను. అతని ముఖం చూసి ఆగాను. "జూలై మొదటి ఆదివారం."

పచ్చయమ్మ ఇంట్లోంచి బయటకు రాలేదు.

25 జూన్, ఆదివారం

ఇల్లు సున్నం కొట్టించాను. చిన్న చాప, పలక, చెప్పులు కొన్నాను. వెనకింటి కాళమ్మ పగలు చూసుకుంటానంది. ఒక కాగితం మీద కెంచికి పద్ధతి రాశాను. లేవడం, స్నానం, సంగటి, ఆట, పలక, నిద్ర. చూస్తే బాగుంది. గోడకు అంటించాను.

మంజులమ్మ చూస్తే నవ్వేది.

2 జూలై, ఆదివారం

తీసుకువచ్చాను.

గుర్రప్ప తెల్లవారకముందే పొలానికి పోయాడట. అత్త తెరిచిన తలుపు దగ్గరే కూర్చుని ఉంది. పచ్చయమ్మ మూట కట్టి ఇచ్చింది. నా వంక చూడకుండా చెప్పుకుపోయింది.

"సంగటి ముద్ద చిన్నది చేసి మింగించు అన్నా, పెద్దది చేస్తే పక్కన పెడుతుంది. ఉలవచారు ఇష్టం. పండుకొనేటప్పుడు పక్కనుండేవాళ్ల చెవి పట్టుకొంటుంది. కసిరొద్దు. నిద్దరపోతే తానే వదులుతుంది."

"సరేమ్మా."

"జొరమొస్తే..." అని ఆగిపోయింది. మంజులమ్మ గుర్తు వచ్చి ఉంటుంది. "జొరం రాదులే."

కెంచి బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఏడవలేదు. ఏదీ అడగలేదు.

3 జూలై, సోమవారం

ఐదు కాగానే ఆఫీసు నుండి లేచాను. పిల్లప్ప గడియారం చూసి, కిటికీలోంచి ఆకాశం చూశాడు. "పడమట పొద్దు పుట్టె. పోప్పా పో, బిడ్డ ఎదురు చూస్తా ఉంటుంది." కామెర్ల తరువాత అతను చిక్కిపోయాడు. కుర్చీలో వదులుగా ఉన్నాడు. ఇన్నాళ్లూ గమనించలేదు.

కెంచి గోడ మీది పద్ధతి ప్రకారం అన్నీ చేసిందని కాళమ్మ చెప్పింది.

5 జూలై, బుధవారం

అన్నీ సరిగా జరుగుతున్నాయి.

రాత్రి నా చెవి పట్టుకుంటుందేమో అని దాని వైపు తిరిగి పడుకున్నాను. తన చెవినే పట్టుకుని నిద్రపోయింది.

7 జూలై, శుక్రవారం

కాళమ్మ గుమ్మంలో నిలబడి నాతో చాలా మెల్లగా మాట్లాడింది.

"ఇంత బుద్ధిమంతమైన బిడ్డను నేను చూడలేదప్పా. యాడ కూర్చో అంటే ఆడ కూర్చుంటుంది. తిను అంటే తింటుంది. నా మనవరాలు వచ్చి బొమ్మ లాక్కొంటే ఇచ్చేసింది. నాకు భయమయితాది."

"ఎందుకు, మంచిదేగా."

"ఏమో అప్పా. మా ఇంట్లో చుట్టాల పిలకాయలే ఇట్లుంటారు. ఒకటి రెండు దినాలు."

9 జూలై, ఆదివారం

సెలవు. గోడ మీది పద్ధతిలో ఆదివారానికి ఏమీ రాయలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. దూడ ఎట్లుందన్నాను. బాగుందంది. చెప్పులు బాగున్నాయా అన్నాను. బాగున్నాయంది. వాళ్ల అమ్మ గురించి చెప్పవచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మంజులమ్మ ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే, సాయంత్రం ఏం పని చేసినావని అడిగేదని తప్ప నాకేమీ చెప్పడం చేతకాదని ఇప్పుడు తెలిసింది. ఐదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం.

కాసేపటికి ఇంటికి తెచ్చుకున్న కాగితాలు విప్పాను. ఎప్పుడు విప్పానో నాకే తెలియదు. కెంచి పక్కకు వచ్చి చాప మీద కూర్చుంది. పలక ఒళ్లో పెట్టుకుంది. రాయలేదు. నేను ఒక కాగితం ముగించి ఇటు పెడితే దాన్ని చూసేది. ఇంకోటి తీస్తే దాన్ని చూసేది. కట్ట తరుగుతోందా అని చూస్తోంది. చాలాసేపు చూసింది.

"మామా, నీకు పని యెప్పుడైపోతుంది?"

"ఎందుకమ్మా?"

"అయిపోయినాక ఇంటికి పోదాము."

వారం నుండి దానికే ఆగి ఉంది. నా పని అయిపోతే తీసుకుపోతానని. అందుకే ఏడవలేదు. ఏదీ అడగలేదు. పెట్టింది తింది. ఎవరో చెప్పి ఉంటారు, మామకు పని ఎక్కువ, సతాయించొద్దని.

ఇదే నీ ఇల్లు అనవలసింది. నోరు తెరిచాను. అది నా నోటికేసి చూస్తూ ఉంది.

"రేపు," అన్నాను.

పలక పక్కన పెట్టి, మూట దగ్గరికి పోయి కూర్చుంది.

10 జూలై, సోమవారం

సెలవు పెట్టాను. శిరస్తదారు అర్జీ చదివి, కారణం రాయలేదేమని అడగకుండా సంతకం చేశారు.

బస్సులో కెంచి మాట్లాడింది. దూడ పేరు చెప్పింది. రోడ్డు పక్క కనపడిన ఇళ్లన్నీ చూపించింది. ఈ గొంతు నేను వారమంతా వినలేదు.

గుర్రప్ప కొట్టం దగ్గర తట్ట ఎత్తుతున్నాడు. అది, "నాయనా," అని పరుగెత్తింది. చెప్పు ఒకటి దారిలో జారిపోయింది. అతను తట్ట దింపాడు కాని బిడ్డను ఎత్తుకోలేదు. ముందు నా వంక చూశాడు. నేను తల ఊపాకే ఎత్తుకున్నాడు.

పచ్చయమ్మ బయటకు వచ్చి, మళ్లీ లోపలికి పోయింది. లోపల ఏడుపు వినిపించింది. అత్త, "ఊరుకోవే, శకునం," అని కసిరింది.

"నీ దగ్గరే ఉండనీ గుర్రప్పా," అన్నాను.

"ఎన్ని నాళ్లు?"

నేను దారిలో పడిన చెప్పు తెచ్చి గడప దగ్గర పెట్టాను. అతను బిడ్డను దింపి, లోపలికి పంపి వచ్చాడు.

"నోటితో చెప్పు బావా. నాకు రాతకోతలు వద్దు. మళ్లా ఒక జమాబందీ అంటావు, మళ్లా ఒక లెక్క అంటావు, ఒక పొద్దు వచ్చి నిలబడతావు. వారం నుంచి ఈ ఇంట్లో ఎవరూ సరిగా కూడు తినలేదు. బిడ్డ ఇంకొక తడవ తట్టుకోదు. నేనూ తట్టుకోను."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే తేలికగా ఉండేది.

"నీ బిడ్డ గుర్రప్పా," అన్నాను. "నేను అడగను."

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. తరువాత ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. పశువులకు నీళ్లు పెట్టాలంటూ పోయాడు.

బస్సుకు ఇంకా వేళ ఉంది. భోజనం చేసి పొమ్మన్నారు. నాకు పీట వేసి, విస్తరి పరిచి, అన్నం వండి పెట్టారు. నెయ్యి పోశారు. గుర్రప్ప, కెంచి అవతల కంచంలో సంగటి తింటున్నారు. ఒకే కంచం. అతను చిన్న ముద్ద చేసి ఇస్తే మింగుతోంది. నేను తల ఎత్తినప్పుడల్లా వాళ్లు మాటలు ఆపుతున్నారు. చుట్టం తింటున్నప్పుడు ఆపినట్టు.

"మారు వడ్డించేదా అన్నా?" అని పచ్చయమ్మ అడిగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చాలన్నాను.

లేచే ముందు విస్తరి మడవాలి. శుభకార్యమైతే తన వైపుకు మడుస్తారు, ఆ ఇంటితో పొత్తు నిలవాలని. పోయినవాళ్ల దినానికైతే అవతలికి. అంచు పట్టుకుని ఉండిపోయాను. ఎంతసేపో.

"వదిలెయ్యన్నా," అంది పచ్చయమ్మ. "నేను తీస్తాలే."

అలాగే వదిలి లేచాను.